కూడు, గూడు, గుడ్డ – యూనిఫాం గురించి నాలుగు మాటలు

మనిషికి ముఖ్యంగా కావలసినవి మూడు అంటారు పెద్దలు. కూడు, గూడు, గుడ్డ. సాంఘిక సంక్షేమ హాస్టల్ ఈ మూడింటినీ ఇస్తుంది. వార్షికోత్సవ సంచిక వచ్చిన ప్రతిసారీ కూడు గురించి ఎవరో ఒకరు రాస్తారు. నీళ్ల చారు, ఆదివారం కూర, గంట కొట్టగానే పళ్లెం గ్లాసు పట్టుకొని వరుసలో ఉరకడం వంటివన్నీ అందులో ఉంటాయి. గూడు గురించీ రాస్తారు. వానకు కురిసిన గది, ఒకే బల్బు కింద పదిమంది చదువు, పక్కపక్కన పరిచిన జంపఖానాలు అందరికీ గుర్తే. గుడ్డ గురించి రాసినవాళ్లు మాత్రం తక్కువ. అందుకే ఈసారి ఆ మూడోదాని గురించి, అంటే మన యూనిఫాం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఇది చిన్న విషయం అనిపించవచ్చు. కానీ సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఉదయం తొమ్మిది గంటలకు రోడ్డు మీద నిలబడి చూడండి. పిల్లవాడి ఒంటి మీది చొక్కా చూసి అతను ఏ బడివాడో చెప్పేస్తారు. టై, బెల్టు, బూట్లు ఉంటే ఒక బడి. ఒకే తాను గుడ్డతో కుట్టిన అంగీ, కాస్త పొట్టిదో కాస్త పొడుగుదో అయిన లాగు ఉంటే ఇంకో బడి. "అందరూ సమానంగా కనిపించడానికే యూనిఫాం" అని మనకు చెబుతారు. మరి ఆ యూనిఫాం చూసే మనల్ని వేరుగా ఎలా గుర్తుపడుతున్నారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యూనిఫాం మొదట పేదపిల్లలదే

చాలామంది యూనిఫాం అంటే కాన్వెంట్ బడుల నుంచి వచ్చిందనుకుంటారు. నిజానికి కథ తిరగబడి ఉంది. ఇంగ్లండులో 1552లో రాజు ఆరో ఎడ్వర్డ్ కాలంలో లండన్ నగరంలో క్రైస్ట్స్ హాస్పిటల్ అనే సంస్థను పెట్టారు. పేరులో హాస్పిటల్ అని ఉన్నా అది దిక్కులేని పేదపిల్లలకు తిండి, వసతి, చదువు ఇచ్చే చోటు. మన భాషలో చెప్పాలంటే అది ఒక సంక్షేమ హాస్టలే. అక్కడి పిల్లలకు పొడవాటి నీలం కోటు, పసుపు మేజోళ్లు ఇచ్చారు. నీలం రంగు అప్పట్లో చవక. అది ధర్మానికి చదువుకునే పిల్లల గుర్తు. ఆ తర్వాత ఇంగ్లండులో వెలసిన అలాంటి ధర్మబడులకు "నీలం కోటు బడులు" అనే పేరే స్థిరపడింది.

ధనవంతుల పిల్లలు చదివే పెద్ద బడులు యూనిఫాంను పట్టించుకున్నది చాలా కాలం తర్వాత, 19వ శతాబ్దంలో. ఆ తర్వాత అది గొప్పతనానికి గుర్తు అయింది. ఆంగ్లేయుల పాలనలో అదే గొప్పతనపు గుర్తు మిషనరీ బడుల ద్వారా, కాన్వెంట్ల ద్వారా మన దేశానికి చేరింది.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. క్రైస్ట్స్ హాస్పిటల్ 1902లో లండన్ వదిలి ససెక్స్ ప్రాంతానికి మారింది, కానీ బట్టలు మార్చలేదు. ఈ పాతకాలపు కోటు తీసేద్దామా అని ఆ మధ్య పిల్లలనే అడిగితే, ఉంచాలని అత్యధికులు చెప్పారు. ఒకప్పుడు ధర్మం పిల్లలని వేలెత్తి చూపించిన కోటు ఇప్పుడు వాళ్లకు గర్వకారణం. గుడ్డ మారలేదు, దాన్ని చూసే కన్ను మారింది. మన విషయంలోనూ ఇది గుర్తుంచుకోవలసిన మాట.

ఖాకీ ఎలా వచ్చింది?

మన దగ్గర యూనిఫాం అనగానే గుర్తొచ్చే రంగు ఖాకీ. "ఖాక్" అంటే పారశీక భాషలో, ఉర్దూలో మట్టి, దుమ్ము. 1840ల చివరలో పెషావర్ ప్రాంతంలో హ్యారీ లమ్స్‌డెన్ అనే ఆంగ్లేయ అధికారి తన గైడ్స్ దళానికి ఈ మట్టిరంగు బట్టలు వేయించాడు. ఎర్రకోటు దూరం నుంచే శత్రువుకు కనిపిస్తుంది. మట్టిరంగు మట్టిలో కలిసిపోతుంది. పైగా దుమ్ము పడ్డా మాసినట్టు కనిపించదు. సైన్యం నుంచి అది పోలీసుకు, పోలీసు నుంచి బస్సు డ్రైవరుకు, పోస్టుమ్యానుకు, అటెండరుకు, ఎన్‌సీసీ పిల్లవాడికి చేరింది.

అంటే యూనిఫాం వెనుక ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. గుర్తుపట్టడానికి కొన్ని, దాక్కోవడానికి కొన్ని, ప్రాణం కాపాడుకోవడానికి కొన్ని. కారణం లేని యూనిఫాం ఉంటే దాన్ని ప్రశ్నించే హక్కు వేసుకునేవాడికి ఉంటుంది.

గుడ్డ మీద కూడా ఆంక్షలు

మన తాతల కాలంలో ఏ గుడ్డ కట్టాలి, ఎక్కడి దాకా కట్టాలి అనేది కూడా కులమే నిర్ణయించింది. ఇది ఒక్క మన ప్రాంతం మాటే కాదు. కేరళలోని తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు ఛాతీ మీద గుడ్డ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు పోరాడవలసి వచ్చింది. చివరికి 1859లో రాజు అనుమతి ప్రకటించాడు. అప్పుడు కూడా అగ్రవర్ణ స్త్రీలలాగా మాత్రం కట్టుకోకూడదని షరతు పెట్టాడు.

డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ సంగతి బాగా ఎరిగినవారు. 1927 డిసెంబరులో మహాడ్‌లో సభకు వచ్చిన స్త్రీలతో ఆయన ప్రత్యేకంగా మాట్లాడారు. మీ కట్టు చూసి మీ కులం చెప్పేలా ఉండవద్దు, చీర అందరిలాగే పాదాల దాకా కట్టుకోండి, కులాన్ని చాటే బరువైన నగలు వదిలేయండి అన్నది ఆయన మాటల సారం. ఆయన సూటు కూడా ఇటువంటి జవాబే. మన ఊళ్లల్లో, మన కూడళ్లల్లో ఉన్న విగ్రహాలలో ఆయన సూటు, బూటు, చేతిలో పుస్తకంతో కనిపించడం వెనుక ఇంత చరిత్ర ఉంది.

యూనిఫాంతో ఆయన కుటుంబానికి ఉన్న బంధం మరొకటి. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. సైనికుల పిల్లలకు చదువు దొరికే వీలుండటం వల్లనే ఆ ఇంట్లో అక్షరం నిలిచింది. 19వ శతాబ్దం చివర్లో ఆంగ్ల ప్రభుత్వం మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేసింది. ఒంటి మీది యూనిఫాం పోయిందంటే జీతం పోయింది, పిల్లల చదువు పోయింది, ఊరిలో తలెత్తుకొని తిరిగే అవకాశం పోయింది. తిరిగి 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. దాని వెనుక అంబేద్కర్ కృషి ఉంది. యూనిఫాం అంటే ఉత్త గుడ్డ కాదని తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ధర్మం నుంచి హక్కు దాకా

మన పాత విద్యార్థులు చాలామందికి గుర్తుండేది తెల్ల చొక్కా, నీలం లాగు. అప్పట్లో ప్రభుత్వ బడిలో యూనిఫాం ఎవరికి వారు కొనుక్కోవాలి. కొనలేనివాడు ఏది ఉంటే అది వేసుకొచ్చేవాడు. హాస్టల్ పిల్లలకు మాత్రం సర్కారు గుడ్డ వచ్చేది. ఊళ్లో మిగతా కూలివాళ్ల పిల్లల కంటే హాస్టల్ పిల్లవాడికి ఒక జత ఎక్కువ ఉండేదంటే అతిశయోక్తి కాదు. పండక్కి ఇంటికి పోయేటప్పుడు కొత్త జతను పెట్టెలో దాచి తీసుకుపోయి తమ్ముడికి ఇచ్చిన అన్నలు ప్రతి హాస్టల్లోనూ ఉన్నారు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. దాని నమూనా నియమాలలో ప్రభుత్వ బడి పిల్లలకు పుస్తకాలు, రాత సామగ్రితో పాటు యూనిఫాం కూడా ఉచితంగా పొందే హక్కు ఉందని రాశారు. అంతకుముందు అది సర్కారు దయ. ఆ తర్వాత అది పిల్లవాడి హక్కు. సర్వశిక్షా అభియాన్ కింద ఏడాదికి రెండు జతలకు ఒక్కో పిల్లవాడికి 400 రూపాయలు లెక్కగట్టారు. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక దాన్ని 600 రూపాయలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 8న మొదలైన విద్యాకానుక పథకంలో మూడు జతల యూనిఫాం, బూట్లు, మేజోళ్లు, బెల్టు, సంచి కలిపి ఇచ్చారు. కోదాడ దాటితే అవతల ఆంధ్రప్రదేశ్ కాబట్టి సరిహద్దు ఊళ్లలో పిల్లలు ఒకరి సంచి ఒకరు పోల్చి చూసుకోవడం సహజమే.

మన తెలంగాణలో గుడ్డ చేనేత సహకార సంస్థ ద్వారా వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో అది ఆప్కో, తర్వాత టెస్కో. ఆ గుడ్డలో పెద్ద భాగం సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినదే. అంటే మన ఒంటి మీది చొక్కా వెనుక అక్కడి నేతకార్మికుడి రాత్రిపని ఉంది. బడి పిల్లల ఆర్డరు వచ్చినంత కాలం ఆ మగ్గం ఆడుతుంది. 2024లో ప్రభుత్వం కుట్టుపనిని మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించి, జతకు 50 రూపాయలు ఉన్న కుట్టుకూలిని 75 రూపాయలు చేసింది. మన అమ్మలు, అక్కలు ఆ సంఘాలలో సభ్యులే. ఇంట్లో అమ్మ కుట్టిన చొక్కా బడిలో పిల్లవాడు వేసుకునే రోజు రావడం సంతోషించవలసినదే.

కొలత సంగతి

ఇంత చేసినా యూనిఫాం చూడగానే "సర్కారు బడి" అని ఎందుకు తెలిసిపోతుంది? ప్రధాన కారణం గుడ్డ కంటే కొలత. వందల జతలు ఒకేసారి కుట్టేటప్పుడు ఒక్కో పిల్లవాడి కొలత తీసుకోరు. చిన్న, నడిమి, పెద్ద అని మూడు నాలుగు సైజులు పెట్టుకొని కుట్టేస్తారు. తొమ్మిదో తరగతిలో ఒకడు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు ఉంటాడు, ఇంకొకడు అయిదున్నర అడుగులు ఉంటాడు. ఇద్దరికీ తరగతి ఒకటే గనుక సైజు ఒకటే ఇస్తే ఒకడికి చొక్కా గోనెసంచి, ఇంకొకడికి బనీను అవుతుంది.

రెండో కారణం ఆలస్యం. జూన్‌లో బడి తెరుస్తారు. గుడ్డ రావడం, కుట్టించడం, పంచడం పూర్తయ్యేసరికి చాలా ఏళ్లు వానాకాలం సగం గడిచిపోయింది. అప్పటిదాకా నిరుటి జతే గతి. పెరిగే వయసులో నిరుటి లాగు ఈ ఏడు మోకాలి దగ్గరికి వస్తుంది.

వీటిలో మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవి గుర్తుపెట్టుకోండి.

కుట్టేవాళ్లకు ముందే చెప్పి లాగు అడుగున రెండంగుళాలు, పక్క కుట్లలో ఒక అంగుళం గుడ్డ లోపలికి మడిచి వదిలిపించుకోండి. ఏడాది తర్వాత విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. నూలు ఎక్కువగా ఉన్న గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది కాబట్టి కుట్టకముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరవేయాలి. పాలిస్టర్ కలిసిన గుడ్డ అంతగా ముడుచుకోదు గానీ ఎక్కువ వేడికి కరుగుతుంది. చెంబులో నిప్పులు వేసి ఇస్త్రీ చేసే మన పాత విద్యకు పాలిస్టర్ గుడ్డ పనికిరాదు. మీద తడిగుడ్డ వేసి రుద్దండి. ఉతికాక తిరగేసి నీడలో ఆరేస్తే రంగు త్వరగా వెలవదు. రక్తం మరక పడితే చన్నీళ్లతోనే ఉతకాలి. వేణ్నీళ్లు పోస్తే మరక గట్టిపడుతుంది. కాలరు లోపల రంగుదారంతో మీ నంబరు కుట్టుకుంటే దండెం మీద బట్టలు మారిపోవు, పోట్లాటలు ఉండవు.

ఉతకడానికి సబ్బు కావాలి. హాస్టల్ పిల్లల సబ్బు, నూనెల డబ్బులు చాలా ఏళ్లు పెరగలేదు. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం భోజన చార్జీలతో పాటు వీటినీ పెంచింది. ఏడో తరగతి దాకా ఆడపిల్లలకు నెలకు 55 రూపాయలు ఉన్నది 175కు, ఎనిమిది నుంచి పది దాకా 75 ఉన్నది 275కు పెరిగింది. ఈ లెక్క ప్రతి పిల్లవాడికీ, ప్రతి తల్లిదండ్రికీ తెలిసి ఉండాలి. తెలిస్తేనే అడగగలం. గుడ్డ ఎన్ని మీటర్లు వచ్చింది, ఎప్పుడు వచ్చింది, కుట్టుకూలి ఎవరికి చెల్లించారు అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము కూడా లేదు. ముందు మాత్రం వార్డెన్ సారును, హెడ్మాస్టర్ సారును మర్యాదగా అడగండి. చాలా సమస్యలు అక్కడే తీరిపోతాయి.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. లేతరంగు లంగా, లేతరంగు పంజాబీ డ్రెస్ ఎంత బాగున్నా నెలసరి రోజుల్లో అవి వాళ్లకు భయం. మరక కనిపిస్తుందేమోనని బడి మానేసే చెల్లెళ్లు ఉన్నారు. రంగు ఎంపిక చేసేవాళ్లు ఎక్కువగా మగవాళ్లు కావడంతో ఈ ఆలోచన రాదు. కింది భాగం ముదురు రంగుది ఉంటే చాలు, ఖర్చేమీ పెరగదు. ఆడపిల్లలను ఒక్క మాట అడిగి రంగు నిర్ణయిస్తే బాగుంటుంది.

యూనిఫాం నిజంగా మేలు చేస్తుందా?

ఈ ప్రశ్న మీద పరిశోధనలు జరిగాయి. అమెరికాలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ పట్టణం 1994లో ప్రభుత్వ బడుల్లో యూనిఫాం పెట్టింది. క్రమశిక్షణ పెరిగిందని చెప్పుకున్నారు. కానీ 1998లో బ్రన్స్‌మా, రాక్‌మోర్ అనే ఇద్దరు పరిశోధకులు దేశవ్యాప్త లెక్కలు చూసి, కేవలం యూనిఫాం వల్ల హాజరు గానీ నడవడి గానీ మెరుగుపడినట్టు కనబడలేదని తేల్చారు. అంటే ఒకే రంగు చొక్కా వేసినంత మాత్రాన చదువు రాదు. ఇది మన పెద్దలకు ఎప్పుడో తెలుసు.

ఆఫ్రికాలోని కెన్యాలో ఇంకో రకం పరిశోధన జరిగింది. అక్కడ యూనిఫాం కొనుక్కోవడం పేద కుటుంబానికి పెద్ద భారం. కొంతమంది పిల్లలకు ఉచితంగా యూనిఫాం ఇచ్చి చూశారు. వాళ్లు బడి మానడం బాగా తగ్గింది. అంతకుముందు యూనిఫాం అసలే లేని పిల్లల్లో ఈ మార్పు ఇంకా ఎక్కువగా కనిపించింది. మరో పరిశోధనలో ఉచిత యూనిఫాం వల్ల చదువు మధ్యలో ఆపేసే పిల్లలు తగ్గారని, ఆడపిల్లల్లో చిన్న వయసు పెళ్లిళ్లు, కాన్పులు కూడా తగ్గాయని తేలింది. దాన్ని పశ్చిమ కెన్యాలోని 328 బడుల్లో చేశారు.

ఈ రెండూ కలిపి చూస్తే విషయం తేటపడుతుంది. అందరికీ ఉన్నచోట యూనిఫాం పెద్దగా ఏమీ మార్చదు. లేనివాడికి ఇచ్చినచోట అది బడి తలుపు తెరుస్తుంది. తప్పనిసరి అని చెప్పి ఇవ్వకపోతే అదే యూనిఫాం బడి తలుపు మూస్తుంది. కాబట్టి "యూనిఫాం ఏది?" అని పిల్లవాడిని గేటు దగ్గర నిలబెట్టే ముందు "వాడికి ఇచ్చామా?" అని అడగవలసిన బాధ్యత పెద్దలది.

పనిలో యూనిఫాం

చదువు అయ్యాక మనలో చాలామంది మళ్లీ యూనిఫాంలోకే వెళతాం. పేట, కోదాడ, మిర్యాలగూడ మూడు చోట్లా ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. మన పాత విద్యార్థులు అక్కడ డ్రైవర్లుగా, కండక్టర్లుగా పనిచేస్తున్నారు. ఈ సంస్థ మూలం 1932 జూన్‌లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన రోడ్డు రవాణా శాఖ. కండక్టరు ఒంటి మీది ఖాకీ ఆయన అధికారాన్ని చూపిస్తుంది. దారిలో గొడవైనా, ప్రమాదం జరిగినా ప్రయాణికుడు ఎవరివైపు చూడాలో ఆ చొక్కా చెబుతుంది.

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లు ఇక్కడికి చేరతాయి. మిల్లులో బెల్టులు, చక్రాలు తిరుగుతుంటాయి. అక్కడ లుంగీ, భుజం మీది తువ్వాల, చున్నీ, వేలాడే కొంగు ప్రాణం మీదికి తెస్తాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో తిరిగే యంత్రం దగ్గర పనిచేసేవాడు ఒంటికి అతుక్కొని ఉండే బట్టలు వేసుకోవాలని, ఆ బట్టలు యజమానే ఇవ్వాలని స్పష్టంగా రాశారు. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో హెల్మెట్టు, బూట్లు, మాస్కు కూడా ఇటువంటివే. అవి లేకుండా పనిలోకి దిగమంటే దిగకూడదు. కాంట్రాక్టు కూలి అయినా సరే, ప్రాణం పర్మినెంటు కూలి ప్రాణంతో సమానమే.

పారిశుధ్య కార్మికుల మాట వేరుగా చెప్పుకోవాలి. సూర్యాపేట మున్సిపాలిటీ 2000 దశకంలో చెత్త నిర్వహణలో దేశంలో పేరు తెచ్చుకుంది. ఆ పేరు వెనుక తెల్లవారుజామున లేచి ఊడ్చిన చేతులు ఉన్నాయి. ఆ చేతులు ఎక్కువగా మన వాడలవే. వారికి మెరిసే జాకెట్టు ఇస్తారు. రోడ్డు మీద లారీవాడికి కనిపించడానికి అది మంచిదే. కానీ చేతి తొడుగులు, బూట్లు ఇవ్వకుండా జాకెట్టు ఒక్కటే ఇస్తే అది రక్షణ కాదు, గుర్తు మాత్రమే. మానవ మలం చేతులతో ఎత్తించే పనిని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకి మనిషిని దింపడం నేరమని చెబుతుంది. ఈ సంగతి ప్రతి హాస్టల్ పిల్లవాడు తన ఇంట్లో చెప్పాలి.

లాయరు నల్లకోటు, నర్సు తెల్లబట్టలు కూడా కారణాలున్న యూనిఫాంలే. కారణం మారితే అవీ మారతాయి. మన ఎండలకు నల్లకోటు భరించలేమని సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో కోటు నుంచి మినహాయింపు ఇచ్చారు. చేతి పొడవు కోటు అంచుల ద్వారా క్రిములు పాకవచ్చని ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2007 నుంచి డాక్టర్లు మోచేతి కింద ఏమీ వేసుకోకూడదన్నారు.

యూనిఫాం కోసం ప్రాణమిచ్చినవారు మన పేటలోనే ఉన్నారు. కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, 16 బీహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసరుగా 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరులయ్యారు. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. పేటలో ఆయన విగ్రహం ముందు నుంచి నడిచే ప్రతి ఎన్‌సీసీ పిల్లవాడు తన చొక్కా ఒకసారి సర్దుకుంటాడు. మరో బిడ్డ మాలావత్ పూర్ణ. మన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఆ మంచులో నిలబడటానికి తగిన బట్టలు, బూట్లు ఎవరో కొని ఇవ్వకపోతే వాళ్ల గుండె ధైర్యం ఒక్కటే సరిపోయేది కాదు. పేదపిల్లలకు తగిన గుడ్డ, తగిన శిక్షణ ఇస్తే ఎక్కడి దాకా పోగలరో ఆ రోజు లోకం చూసింది.

ఎంతవరకు నిర్బంధం?

అందరూ ఒకేలా ఉండాలన్నప్పుడు ఒకరి నమ్మకం అడ్డువస్తే ఏం చేయాలి? ఇంగ్లండులో తలపాగా తీయనన్న సిక్కు బాలుడిని ఒక ప్రైవేటు బడి చేర్చుకోలేదు. 1983లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ బాలుడి పక్షాన తీర్పు ఇచ్చింది. మన పొరుగు కర్ణాటకలో హిజాబ్ విషయమై 2022 మార్చిలో హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరొక తీర్పు చెప్పారు. పెద్ద జడ్జీలకే ఏకాభిప్రాయం కుదరని విషయం ఇది. మనం గ్రహించవలసింది ఒకటుంది. యూనిఫాం పేరుతో ఏ పిల్లా చదువుకు దూరం కాకూడదు. ఒకే గదిలో అన్ని కులాల, మతాల పిల్లలతో పడుకొని లేచిన హాస్టల్ పిల్లలకు ఈ మాట ఎవరూ నేర్పనక్కరలేదు.

యూనిఫాం లేని రోజున

పదో తరగతి దాటి డిగ్రీ కాలేజీకి వెళ్లాక యూనిఫాం ఉండదు. అప్పుడు కదా అసలు పరీక్ష! తోటివాళ్లు రోజుకో చొక్కా వేసుకొస్తుంటే, ఉన్న రెండు జతలను సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి మార్చి మార్చి వేసుకునే తమ్ముళ్లు, సభలకూ ఫేర్‌వెల్‌లకూ పోకుండా గదిలోనే ఉండిపోయే చెల్లెళ్లు ఎంతమందో! ఇన్నేళ్లు పొట్టిదని, గరుకుదని తిట్టుకున్న ఆ యూనిఫాం ఎంత కప్పి ఉంచిందో అప్పుడు తెలుస్తుంది. అందరూ ఒకేలా లేకపోయినా, మనలో మనం ఒకేలా ఉన్నాం. ఆ బలం చిన్నది కాదు.

ఇక్కడ పాత విద్యార్థులకు ఒక విన్నపం. అన్నలారా, అక్కలారా, మీలో ఉద్యోగాల్లో స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువాలు, దండలు మాకొద్దని చెప్పండి. ఆ డబ్బుతో మన హాస్టల్‌కు ఒక కుట్టుమిషను కొని ఇవ్వండి. ఆదివారం పూట ఒక దర్జీని పిలిపించి వదులు చొక్కాలు సరిచేయించండి, పిల్లలకు గుండీ కుట్టుకోవడం, మడత విప్పి కుట్టుకోవడం నేర్పించండి. ఇంటర్ అయి బయటికి పోయే పిల్లలకు ఇంటర్వ్యూకు పనికివచ్చే ఒక జత బట్టలు ఇప్పించండి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఒంటి మీది గుడ్డ ఎవరి దానమూ కాదు. అది మీ తల్లిదండ్రులు కట్టిన పన్నుతో, నేతన్న చెమటతో, అక్కల కుట్టుపనితో మీ దగ్గరికి వచ్చిన మీ హక్కు. దాన్ని ఉతికి, ఆరేసి, గుండీలన్నీ పెట్టుకొని వేసుకోండి. రాకపోతే అడగండి, సరిపోకపోతే చెప్పండి. రేపు మీరు ఖాకీ వేసుకున్నా, నల్లకోటు వేసుకున్నా, తెల్లకోటు వేసుకున్నా మీ ముందుకు వచ్చే సర్కారు బడి పిల్లవాడిని వాడి చొక్కా చూసి అంచనా వేయకండి. ఒకప్పుడు అదే చొక్కా మన ఒంటి మీద ఉండేదని గుర్తుంచుకోండి.